గాలికంటే తేలికైన వాహనాలు ఎందుకు తేలుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

వేడిగాలి బెలూన్లు, హైడ్రోజన్ లేదా హీలియం నింపిన బెలూన్లు, ఇంజన్లు అమర్చిన ఎయిర్‌షిప్పులు రెక్కల సాయం లేకుండానే గాలిలో నిలుస్తాయి. విమానం కదులుతున్నంతసేపే ఎగరగలదు గానీ, ఇవి కదలకుండా ఒకచోట ఉన్నా పడిపోవు. వీటి గురించి విద్యార్థులు, తల్లిదండ్రులు, కుతూహలం ఉన్న పెద్దలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

బెలూన్‌ను పైకి లేపేది దానిలోని వాయువేనా?

కాదు. దాన్ని లేపేది చుట్టూ ఉన్న గాలి. ఈ ఒక్క విషయం మనసుకు పడితే మిగిలిన ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దానంతట అదే దొరుకుతుంది కాబట్టి, దీన్ని ముందే చెప్పుకోవడం మంచిది.

హీలియానికి పైకి పోయే గుణం ఉందని తరచుగా వింటూ ఉంటాం. నిజానికి హీలియానికీ బరువు ఉంది, భూమి దాన్ని కూడా కిందికే లాగుతుంది. గాలి పూర్తిగా తోడేసిన ఒక గదిలో, పగలని గట్టి గోళంలో హీలియం నింపి వదిలితే, అది రాయిలాగే నేలమీద పడుతుంది.

పల్లెల్లో పిల్లలకు బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టేవారు. ఆ బుర్రను రెండు చేతులతో నీళ్లలోకి అదిమి చూసినవారికి, అది అరచేతుల్ని ఎంత గట్టిగా వెనక్కి తంతుందో గుర్తుండే ఉంటుంది. బుర్రలో ఏ శక్తీ దాగి లేదు; అది ఆక్రమించిన చోటులోకి చొరబడాలని చూసే నీళ్లే దాన్ని పైకి నెడుతున్నాయి. బెలూన్ కూడా గాలి అనే సముద్రంలో అదిమి వదిలిన సొరకాయ బుర్రే.

గాలి అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది కదా, మరి పైకి మాత్రమే నెట్టే బలం ఎక్కడి నుంచి వస్తుంది?

అన్ని వైపుల నుంచీ నొక్కుతుందన్న మాట నిజమే, కానీ అన్ని ఎత్తుల్లో సమానంగా నొక్కదు. ఏ చోటైనా గాలి పీడనం అంటే ఆ చోటికి పైన ఉన్న గాలి మోపే భారమే కాబట్టి, పైకి పోయేకొద్దీ ఆ భారం తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర పీడనం సుమారు 1,01,325 పాస్కల్స్ (పాస్కల్ అంటే చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం). అక్కడి నుంచి ఒక్క మీటరు పైకి వెళితే దాదాపు 12 పాస్కల్స్ తగ్గుతుంది. లక్షలో పన్నెండంటే లెక్కలోకి రానంత చిన్న తేడాగా కనిపిస్తుంది, కానీ బెలూన్లన్నీ నిలబడింది ఆ చిన్న తేడా మీదనే.

పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరు ఉన్న పెట్టెను ఊహించుకుందాం. పక్కల మీద పడే ఒత్తిళ్లు ఎదురెదురుగా ఉండి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. పైముఖం మీద కిందికి పడే ఒత్తిడికంటే అడుగు ముఖం మీద పైకి పడే ఒత్తిడి 12 న్యూటన్లు ఎక్కువగా ఉంటుంది. పన్నెండు న్యూటన్లంటే సుమారు 1.2 కిలోల బరువు. అదే పెట్టెలో పట్టే గాలిని తూచినా సరిగ్గా అంతే వస్తుంది. ప్రవాహిలో, అంటే ద్రవంలో గానీ వాయువులో గానీ ఉన్న వస్తువు తాను తొలగించిన ప్రవాహి బరువుకు సమానమైన బలంతో పైకి నెట్టబడుతుందని బడిలో చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రం ఇదే. ఈ బలాన్నే ఉత్ప్లవన బలం అంటాం. పెట్టెతో సహా లోపల ఉన్నదంతా కలిపి 1.2 కిలోలకంటే తక్కువ తూగితే పెట్టె లేస్తుంది, ఎక్కువ తూగితే కూర్చుంటుంది.

గాలికి నిజంగా అంత బరువు ఉంటుందా?

మనం ఊహించేదానికంటే చాలా ఎక్కువ ఉంటుంది. పన్నెండు అడుగులకు పదడుగుల ప్రమాణంలో ఉండే మామూలు పడకగదిని కొంచెం అటూ ఇటూగా 36 ఘనపు మీటర్లు అనుకుంటే, 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో అందులోని గాలి దాదాపు 42 కిలోలు తూగుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నరకంటే ఎక్కువన్నమాట. ఆ బరువు మనకు తెలియకపోవడానికి కారణం, మనం కూడా అదే గాలిలో మునిగి ఉండటమే. బావిలోంచి చేద తోడేటప్పుడు నీళ్లలో ఉన్నంతసేపు బరువు తెలియక, నీటిమట్టం దాటగానే తాడు బిగుసుకోవడం లాంటిదే ఇది.

ఒక ఘనపు మీటరు హీలియం ఎంత బరువు మోయగలదు? హైడ్రోజన్ దానికి రెట్టింపు మోస్తుందా?

మన వాతావరణానికి తగ్గట్టు 30 డిగ్రీల దగ్గర లెక్క వేద్దాం. ఘనపు మీటరు గాలి 1.165 కిలోలు, హీలియం 0.161 కిలోలు, హైడ్రోజన్ 0.081 కిలోలు. గాలి బరువులోంచి లోపలి వాయువు బరువు తీసివేస్తే మిగిలేదే మోతశక్తి: హీలియానికి 1.004 కిలోలు, హైడ్రోజన్‌కు 1.084 కిలోలు. హైడ్రోజన్ బరువు హీలియం బరువులో సగమే అయినా, అది అదనంగా మోసేది ఎనిమిది శాతం మాత్రమే. రెట్టింపు మోస్తుందని అనిపించడానికి కారణం, మోసేది వాయువని అనుకోవడమే. మోసేది గాలి, రెండు సందర్భాల్లోనూ ఆ గాలి ఒక్కటే.

సంతలో కొనే రబ్బరు బుడగతో ఈ లెక్కను చేతిమీదనే చూడవచ్చు. 28 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బుడగలో పట్టేది పదకొండున్నర లీటర్లు. హీలియం నింపితే మోతశక్తి సుమారు 11.5 గ్రాములు, అందులో రబ్బరుకే దాదాపు 3 గ్రాములు పోతే మిగిలేది ఎనిమిది గ్రాములకు కొంచెం అటూ ఇటూ. 2011లో వచ్చిన రూపాయి బిళ్ల 3.79 గ్రాములు. దారానికి ఒక బిళ్ల కట్టి వదిలితే బుడగ దాన్ని ఎత్తుకుపోతుంది. రెండో బిళ్ల కడితే లేవాలా వద్దా అన్నట్టు ఊగిసలాడుతుంది. మూడోది కడితే కిందికి దిగుతుంది. ఈ లెక్కన 60 కిలోల మనిషిని లేపాలంటే అలాంటి బుడగలు ఏడు వేల పైచిలుకు కావాలి.

నోటితో ఊదిన బుడగ ఎందుకు పైకి లేవదు?

అందులో ఉన్నది కూడా గాలే. సాగిన రబ్బరు ఆ గాలిని బయటి గాలికంటే కొద్ది శాతం ఎక్కువగా నొక్కి ఉంచుతుంది, ఊపిరిలో బరువైన కార్బన్ డయాక్సైడ్ కొంత కలిసి ఉంటుంది, పైగా రబ్బరు బరువు ఉండనే ఉంది. లోపలిదంతా కలిపి తొలగించిన గాలికంటే బరువైనప్పుడు బుడగ పడక తప్పదు.

వేడిగాలి బెలూన్‌లో వేరే వాయువు ఏదీ లేదు. అది ఎలా లేస్తుంది?

1783 జూన్ 4న ఫ్రాన్స్‌లోని అన్నోనే పట్టణంలో మాంగోల్ఫియే సోదరులు తమ బెలూన్‌ను జనం ముందు మొదటిసారి ఎగరేసినప్పుడు, దాన్ని లేపుతున్నది పొగలోని ఏదో ప్రత్యేక వాయువని వారు నమ్మారు. దట్టమైన పొగ కోసం తడిగడ్డి, ఉన్ని కలిపి కాల్చారు కూడా. లేపినది పొగ కాదు, వేడి. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అడుగున నోరు తెరిచి ఉన్న సంచిలోంచి కొంత గాలి బయటికి పోతుంది. మిగిలిన గాలి పలచబడి అదే చోటులో తక్కువ బరువుతో నిలుస్తుంది. ఆ ఏడాది నవంబరు 21న పిలాత్ర్ ద రోజియే, మార్క్వీ దార్లాండ్ అనే ఇద్దరు పారిస్ మీదుగా ఎగిరి, బెలూన్‌లో స్వేచ్ఛగా ప్రయాణించిన తొలి మనుషులయ్యారు.

వేడిగాలి మోతశక్తి హీలియం మోతశక్తిలో నాలుగోవంతే కాబట్టి సంచి చాలా పెద్దది కావాలి. 2,800 ఘనపు మీటర్ల బెలూన్‌లో గాలిని 100 డిగ్రీలకు వేడిచేశారనుకుందాం. బయట 20 డిగ్రీలు ఉంటే అది మొత్తం 720 కిలోల వరకూ మోస్తుంది. సంచి, బుట్ట, బర్నర్, ప్రొపేన్ సిలిండర్లు కలిసి 380 కిలోల దాకా ఉంటాయి కాబట్టి ఐదుగురు ఎక్కవచ్చు. అదే బెలూన్‌ను బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు ఎగరేస్తే మొత్తం మోత 560 కిలోలకు పడిపోతుంది, ఇద్దరు ఎక్కితే సరి. అరకులో బెలూన్ ఉత్సవం జరిపినప్పుడు చలికాలాన్ని ఎంచుకోవడంలో, ఎక్కడైనా బెలూన్లను తెల్లవారుజామునే ఎగరేయడంలో ఈ లెక్క ఉంది. ఎండెక్కాక నేల వేడికి గాలి సుడులు తిరగడం రెండో కారణం, భద్రత దృష్ట్యా అది ఇంకా పెద్ద కారణం.

వాయువే లేకుండా శూన్యం ఉంచితే ఇంకా తేలిక కదా?

1670లో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో లానా ద తెర్జి అనే మతాచార్యుడు సరిగ్గా ఇలాగే ఆలోచించి, గాలి తోడేసిన పలుచని రాగి గోళాలతో ఎగిరే ఓడను ఊహించాడు. ఆలోచనలో తప్పు లేదు, ఆచరణలోనే చిక్కు వచ్చింది. గోళం ఉపరితలంలో ప్రతి చదరపు మీటరు మీద బయటి గాలి దాదాపు పది టన్నుల బరువుతో సమానంగా నొక్కుతుంది. దాన్ని తట్టుకునేంత మందంగా చేస్తే గోళం బరువెక్కి లేవదు, లేచేంత పలుచగా చేస్తే నలిగిపోతుంది. హీలియం తన ఒత్తిడితో లోపలి నుంచి ఆదుకుంటుంది కాబట్టే పలుచని ప్లాస్టిక్ పొర కూడా నలగకుండా నిలుస్తుంది. శూన్యం వల్ల కలిసొచ్చే అదనపు మోత హీలియంతో పోలిస్తే పదహారు శాతమే అని తెలిశాక, ఆ శ్రమ ఎవరూ తలకెత్తుకోరు.

హీలియానికీ గుంటూరుకూ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, తెలుగు పాఠకులు గర్వంగా గుర్తుపెట్టుకోదగిన సంగతి. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరుకు, మద్రాసు నక్షత్రశాలకు చెందిన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నానికి వచ్చారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును పట్టకంతో విడదీసి చూసినప్పుడు, మెరిసే గీతల్లో పసుపుపచ్చని గీత ఒకటి కనిపించింది. సోడియం గీతలకు దగ్గరగా ఉన్నా అది సోడియంది కాదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, అది భూమిమీద తెలియని మూలకానిదన్న నిర్ణయానికి వచ్చాడు. సూర్యుణ్ణి సూచించే గ్రీకు పదం నుంచి దానికి హీలియం అన్న పేరు వచ్చింది. భూమిమీద విలియం రామ్సే దాన్ని ఒక యురేనియం ఖనిజం నుంచి వేరుచేసింది 1895లో, అంటే 27 ఏళ్ల తరువాత.

నేలలోని యురేనియం, థోరియం క్షయమయ్యేటప్పుడు హీలియం పుట్టి, కొన్నిచోట్ల సహజవాయువుతో పాటు చిక్కుకుని ఉంటుంది. గాలిలోకి వదిలేసింది మళ్లీ పోగుచేయడం దాదాపు అసాధ్యం. ఆసుపత్రుల ఎంఆర్ఐ యంత్రాల్లోని అయస్కాంతాలను చల్లబరచడానికి కూడా ఇదే కావాలి కాబట్టి, వేడుకల్లో వేల బుడగలు వదిలే అలవాటును మానుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

జాతరల్లో అమ్మే గ్యాస్ బుడగల్లో ఉండేది హీలియమేనా?

చాలాచోట్ల కాదు. హీలియం ఖరీదైనది కాబట్టి అక్కడ ఎక్కువగా వాడేది హైడ్రోజన్. దీన్ని కొందరు పాత సిలిండర్లలో రసాయనాలు కలిపి అక్కడికక్కడే తయారు చేస్తారు. ఆ చర్యలో విపరీతమైన వేడి, ఒత్తిడి పుడతాయి. సిలిండర్ పేలి అమ్మేవారు, చుట్టూ ఉన్న పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు మన దేశంలో ఎన్నో జరిగాయి. తుప్పు పట్టిన సిలిండర్ కనిపిస్తే పిల్లల్ని దూరంగా తీసుకుపోవాలి. బుడగల గుత్తిని దీపాల దగ్గర, పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తుల దగ్గర ఎప్పుడూ ఉంచకూడదు.

హైడ్రోజన్‌తో వచ్చే ముప్పుకు ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న ఉదాహరణ జర్మనీ ఎయిర్‌షిప్ హిండెన్‌బర్గ్. 245 మీటర్ల పొడవున్న ఆ ఓడలో రెండు లక్షల ఘనపు మీటర్ల హైడ్రోజన్ ఉండేది. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్ దగ్గర దిగబోతూ నిప్పంటుకుని ఒక నిమిషంలోపే కాలి కూలిపోయింది. ఓడలోని 97 మందిలో 35 మంది, నేలమీద ఒకరు చనిపోయారు. హిండెన్‌బర్గ్‌ను మొదట హీలియం కోసమే ఉద్దేశించినా, ఆనాడు హీలియం దాదాపు అమెరికా చేతిలోనే ఉండి, దాని ఎగుమతి మీద ఆంక్షలు ఉండటంతో హైడ్రోజన్ వాడారు.

ఎయిర్‌షిప్ పైకీ కిందికీ ఎలా వెళుతుంది?

ఆకారాన్ని ఒత్తిడితోనే నిలుపుకునే రకాల్లో, హీలియం సంచి లోపల మామూలు గాలి నింపే చిన్న సంచులు ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ హీలియం ఉబ్బుతుంది కాబట్టి, వాటిలోని గాలిని బయటికి వదిలి చోటు ఇస్తారు. దిగేటప్పుడు మళ్లీ గాలి నింపుతారు. దీనికి తోడు ఇంజన్లు, తోకభాగంలోని చుక్కాని పలకలు ముక్కును ఎత్తి దించుతూ సాయపడతాయి.

మోతకూ బరువుకూ మధ్య తేడా సన్నగా ఉండటం వల్ల చిన్న నష్టం కూడా పెద్దదవుతుంది. బ్రిటన్ నిర్మించిన ఆర్101 ఎయిర్‌షిప్ అప్పటి బ్రిటిష్ ఇండియాలోని కరాచీకి బయలుదేరి, 1930 అక్టోబరు 5న ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర కొండవాలుకు తగిలి కాలిపోయింది. అందులోని 54 మందిలో 48 మంది చనిపోయారు. ఈదురుగాలుల్లో సంచుల నుంచి హైడ్రోజన్ పోయి ముందుభాగం మోత కోల్పోయిందని విచారణ తేల్చింది. ఆ ఓడ కోసం కరాచీలో కట్టిన భారీ షెడ్డు దాన్ని ఎన్నడూ చూడలేదు.

బెలూన్ ఎంత ఎత్తుకు పోతుంది? ఎక్కడో ఒకచోట ఎందుకు ఆగుతుంది?

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ప్రాంతంలో ఉన్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరే పరిశోధక బెలూన్లు దీనికి చక్కని ఉదాహరణ. పలుచని పాలిథిన్‌తో చేసి, హైడ్రోజన్ నింపి వదిలే ఈ బెలూన్లు 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు వెళతాయి.

వాయువు, ప్లాస్టిక్, పరికరాలు అన్నీ కలిపి 1,000 కిలోలున్న బెలూన్‌ను తీసుకుందాం. అది తేలాలంటే 1,000 కిలోల గాలిని తొలగించాలి. నేల దగ్గర దానికి 860 ఘనపు మీటర్లు, అంటే పన్నెండు మీటర్ల వ్యాసం ఉన్న గోళం చాలు. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి నేల దగ్గరకంటే 65 రెట్లు పలుచన, ఘనపు మీటరు గాలి అక్కడ 18 గ్రాములే. కాబట్టి అక్కడ దాదాపు 55,500 ఘనపు మీటర్లు, అంటే 47 మీటర్ల వ్యాసం కావాలి. అందుకే నేల వదిలేటప్పుడు పొడవాటి ప్లాస్టిక్ సంచి కొసన చిన్న బుడగ మాత్రమే ఉబ్బి, మిగిలినదంతా తడిబట్టలా వేలాడుతూ కనిపిస్తుంది. సంచి అడుగుభాగంలో గొట్టాలు తెరిచే ఉంటాయి. తేలికైన వాయువు పైభాగాన్నే అంటిపెట్టుకుంటుంది కాబట్టి మొదట కారిపోదు. పైకి వెళ్లేకొద్దీ వాయువు ఉబ్బుతూ, బయటి గాలి ఎంత పలచబడుతుందో సంచి అంత విచ్చుకుంటూ, మోత మాత్రం దాదాపు మారకుండా ఉంటుంది. సంచి పూర్తిగా నిండాక ఇక ఉబ్బే వీలులేక మిగులు వాయువు ఆ గొట్టాల్లోంచి పోతుంది. తొలగించిన గాలి బరువు బెలూన్ బరువుకు సమానమైన చోట అది నిలుస్తుంది.

వాతావరణ శాఖ విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్ వంటి కేంద్రాల నుంచి వదిలే రబ్బరు బెలూన్లు అలా నిలవవు. మూతి కట్టి ఉంటుంది కాబట్టి అవి సాగి సాగి చివరికి పగులుతాయి.

పొలంలో పారాచూట్, పరికరాల పెట్టె పడితే ఏం చేయాలి?

పరిశోధన పూర్తయ్యాక పరికరాలను బెలూన్ నుంచి విడదీసి రంగు పారాచూట్‌తో దించుతారు. గాలివాటాన్ని బట్టి హైదరాబాద్ నుంచి రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలోనూ పడవచ్చు. పెట్టెను తెరవకుండా, కదల్చకుండా, దానిమీద రాసి ఉన్న చిరునామాకు గానీ దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ తెలియజేయాలి. వాటిలోని సమాచారం కొన్నేళ్ల శ్రమకు ఫలితం.

తేమ ఎక్కువగా ఉన్న గాలి బరువుగా ఉంటుంది కాబట్టి బెలూన్ ఇంకా బాగా లేస్తుందా?

ఉక్కపోతలో గాలి బరువెక్కినట్టు అనిపిస్తుంది గానీ జరిగేది తలకిందులు. నీటి ఆవిరి అణుభారం 18, పొడిగాలి సగటు అణుభారం 29. ఆవిరి చేరినకొద్దీ గాలి తేలికవుతుంది. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ నిండిన గాలి పొడిగాలికంటే ఒకటిన్నర శాతం తేలిక, కాబట్టి బెలూన్ మోత ఆ మేరకు తగ్గుతుంది.

బస్సులో బ్రేకు వేస్తే అందరూ ముందుకు తూలుతారు, హీలియం బుడగ మాత్రం వెనక్కి పోతుందట. ఎందుకు?

బ్రేకు పడినప్పుడు బస్సులోని గాలి కూడా మనుషుల్లాగే ముందుకు తోసుకుపోతుంది. దానితో ముందు అద్దం దగ్గర పీడనం కొంచెం పెరిగి, వెనక కొంచెం తగ్గుతుంది. ఎక్కువ పీడనం ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు బుడగను గాలి నెడుతుంది. నేలమీద కిందినుంచి పైకి నెట్టినట్టే, ఇక్కడ ముందునుంచి వెనక్కి నెడుతుందన్నమాట. కిటికీలన్నీ మూసి ఉన్న వాహనంలో, వెనక సీటులో కూర్చున్న పిల్లవాడి చేతికి బుడగ దారం ఇచ్చి గమనించండి: వాహనం బయలుదేరగానే పిల్లవాడు సీటుకు ఆనుకుంటాడు, బుడగ ముందుకు వంగుతుంది, ఎడమకు మలుపు తిరిగితే పిల్లవాడు కుడికి ఒరుగుతాడు, బుడగ ఎడమకు ఒరుగుతుంది.